కృష్ణలంకలో అద్దె ఇల్లు వెతికేవాళ్లకి

కృష్ణలంకలో ఇల్లు చూస్తున్నానంటే బెజవాడలో ఎవరైనా ముందు అనే మాట "అక్కడెందుకండీ?" వరద అంటారు, రౌడీలు అంటారు. రౌడీల మాట ఎప్పటి కబుర్ల మీదో నడుస్తోంది. వరదని మాత్రం కొట్టిపారేయకూడదు, వీధివీధికీ లెక్క మారిపోతుంది.

హైవేకి అటు బందరు కాలువ వైపున్న పాత కృష్ణలంక వేరు, ఇటు కృష్ణా ఏటి ఒడ్డున ఉన్న రాణిగారితోట, తారకరామానగర్, భూపేష్‌గుప్తానగర్ వేరు. 2009 అక్టోబరులో ప్రకాశం బ్యారేజీకి 11.10 లక్షల క్యూసెక్కులు వచ్చినప్పుడు నీళ్లపాలైంది ఏటి పక్క కాలనీలే. 2024 సెప్టెంబరులో అంతకంటే ఎక్కువ, 11.43 లక్షలు వచ్చినా ఏటి ఒడ్డున కట్టిన రిటైనింగ్ వాల్ ఆపింది. ఆ వారం రోజులూ నీళ్లలో నానింది బుడమేరు వాగు పక్కనున్న సింగ్‌నగర్. కృష్ణలంక మీద నా అభిప్రాయం మారింది అప్పుడే.

అలాగని గోడని చూసి గుడ్డిగా దిగిపోకండి. ఏరు నిండుగా ఉన్నప్పుడు డ్రెయిన్ల నీరు ఏట్లోకి దిగదు, పైగా ఏటి నీరే వెనక్కి తన్నుతుంది. మోటార్లు పెట్టి తోడాల్సిందే. అదే సమయానికి వాన పడితే గోడ లోపలి వీధుల్లో మురుగు నిలుస్తుంది. అందుకే ఇంటి గడప వీధి సిమెంటు రోడ్డు కంటే ఎంత ఎత్తులో ఉందో ముందు చూడాలి. రోడ్డు మీద రోడ్డు వేసుకుంటూ పోవడంతో పాత ఇళ్లు కొన్ని పల్లంలో పడ్డాయి. రెండు మెట్లు ఎక్కి లోపలికి వెళ్తే నయం, ఒక మెట్టు దిగాల్సి వస్తే ఆ గ్రౌండ్ ఫ్లోర్ వదిలేయండి.

"మా ఇంట్లోకి చుక్క రాలేదండీ" అనే ఓనరు ప్రతి వీధిలోనూ ఉంటాడు. మాటలు వింటూనే తలుపు కింది మడతబందు చూడండి. పై బందు బాగుండి కిందిది తుప్పు పట్టిందంటే నీళ్లు వచ్చినట్టే. గుమ్మం చెక్క అడుగున ఉబ్బి ఉంటుంది. రంగు కొత్తగా వేసినా మీటరు బోర్డు వెనక, అటక కింద గోడ మీద బురద చార మిగిలిపోతుంది. ప్లగ్ పాయింట్లన్నీ ఛాతీ ఎత్తున ఉంటే ఆ ఇల్లు ఎప్పుడో మునిగి ఉండొచ్చు. కానీ ఓనరు బుద్ధిమంతుడు, నాకైతే అలాంటి ఇల్లే ఇష్టం. చివరగా బాత్రూంలో రెండు బకెట్లు గుమ్మరించండి. నీళ్లు గుడగుడమని ఆగి ఆగి దిగుతుంటే బయట లైను పూడిందన్నమాట.

మనుషుల సంగతికొస్తే, రాత్రి తొమ్మిది దాటాక ఒకసారి, ఆదివారం సాయంత్రం ఒకసారి ఆ వీధిలో నడిచి రండి. అరుగుల మీద ఆడవాళ్లు కూర్చుని మాట్లాడుకుంటుంటే ఇంకేం అడగక్కర్లేదు. టిఫిన్ బండి దగ్గర కుళాయి నీళ్లు ఎన్నింటికి వస్తాయో అడగండి, వీధి చరిత్ర అంతా చెప్పేస్తారు. బస్టాండు నడక దూరం కాబట్టి వేరే ఊళ్లో ఉద్యోగం చేసేవాళ్లకి ఇంత వాటమైన చోటు బెజవాడలో తక్కువ.

వానాకాలంలో బ్యారేజీ లెక్కలు చూస్తుండాలి. 3.97 లక్షల క్యూసెక్కులకి మొదటి ప్రమాద హెచ్చరిక, 5.69 లక్షలకి రెండోది. మొదటిదానికే బియ్యం, కాగితాలు అటక ఎక్కిస్తే చాలు. రెండోదానికి బండి తీసుకెళ్లి మెరకలో పెట్టాలి.

అగ్రిమెంటు పదకొండు నెలలకే రాస్తారు. అందులో రెండు ముక్కలు విడిగా రాయించుకోండి: నీళ్లొచ్చి ఇల్లు ఖాళీ చేయాల్సి వస్తే ఆ రోజుల అద్దె సంగతి, అడ్వాన్సులో రంగులకి ఎంత కోస్తారనేది. కరెంటు సర్వీసు నంబరు తీసుకుని పాత బకాయి ఉందేమో చూసుకోండి. నీళ్ల మోటారు ఎవరి మీటరు మీద తిరుగుతోందో ఆన్ చేయించి మరీ చూడండి. గ్రౌండ్ ఫ్లోర్ వాళ్ల బిల్లులో మేడ మొత్తానికీ నీళ్లెక్కే ఇళ్లున్నాయి.