అనంతపురం వాడికి ఎడారి కొత్తా?

అమెరికాలో, వర్జీనియా రాష్ట్రం ఫెయిర్‌ఫాక్స్‌లో నేనున్న అపార్ట్‌మెంట్ వెనక నుంచి పోయే రోడ్డు యూఎస్ 50. సాయంత్రం ఆఫీసు నుంచి వస్తుంటే ఒక్కో సిగ్నల్ దగ్గర రెండుసార్లు ఎర్ర లైటు చూడాల్సిందే. మేరీలాండ్‌లో ఓషన్ సిటీ సముద్రం ఒడ్డున మొదలై కాలిఫోర్నియాలో శాక్రమెంటో దాకా పోయేది ఈ రోడ్డే. మూడు వేల మైళ్ల పైమాట. శాక్రమెంటోలో ఉద్యోగం వచ్చింది. కారును ట్రక్కు మీద పంపడానికి చెప్పిన రేటు వింటే కళ్లు తిరిగాయి. ఇంటి వెనక రోడ్డే కదా, పట్టుకుని పోదాం అనుకున్నాను. ఐ-80 హైవే మీద పో, తొందరగా తేలిపోతుందని స్నేహితులు ఎంత చెప్పినా వినలేదు.

వెస్ట్ వర్జీనియా మలుపులు, ఒహాయో, మిస్సోరీ, ఎంతకీ తెగని కాన్సాస్ పొలాలు... వాటి గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. సెయింట్ లూయిస్‌తోనే పులిహోర అయిపోయింది. కొలరాడో నుంచి బంకుల్లో మామూలు పెట్రోల్ అంటే 85 ఆక్టేన్ అన్నమాట. నా కారుకు 87 కావాలి కాబట్టి ప్రతిచోటా పై గ్రేడ్‌కు డబ్బు కట్టడం, గొణుక్కోవడం. యూటాలో గ్రీన్ రివర్ నుంచి సలైనా దాకా వందకు పైగా మైళ్లు ఒక్క బంకు లేదు. ఎర్రరాళ్ల లోయలు మాత్రం చాలా బాగున్నాయి. అందరూ దిగే చోటే దిగి, అందరూ తీసే ఫోటోలే తీశాను.

నేను చెప్పాలనుకున్నది నెవాడా గురించి. 1986లో లైఫ్ పత్రిక యూఎస్ 50లోని ఈ ముక్కకు 'అమెరికాలో అత్యంత ఒంటరి రోడ్డు' అని పేరు పెట్టింది. అది పొగడ్త కాదు. నెవాడా వాళ్లు మాత్రం ఏమాత్రం నొచ్చుకోకుండా ఆ పేరే బోర్డుల మీద రాసి రోడ్డు పొడుగునా పాతేసుకున్నారు. ఈలీ తర్వాత యురేకా, యురేకా తర్వాత ఆస్టిన్, ఒక్కోదానికీ మధ్య డెబ్బై మైళ్లకు తక్కువ లేదు. ఆస్టిన్ నుంచి ఫాలన్‌కు ఇంకో నూట పది.

నాది ఉరవకొండ పక్క పల్లె. కరువు గురించి, ఎండిన నేల గురించి నాకు ఒకరు చెప్పేదేమిటన్న ధీమా నాకుండేది. పడమటి కనుమలు నైరుతి మేఘాలను ఆపేస్తే వాటి వెనక వానకు మొహం వాచి కూర్చున్నది అనంతపురం. ఇక్కడ ఆ పని సియెర్రా నెవాడా కొండలు చేస్తాయి. పసిఫిక్ నుంచి వచ్చే తేమనంతా కాలిఫోర్నియా వైపే పిండేసుకుని ఇటు వట్టి గాలిని పంపుతాయి. అనంతపురానికి ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన. ఫాలన్‌కు అందులో నాలుగో వంతు కూడా పడదు.

తీరా చూస్తే నన్ను కలవరపెట్టింది నీళ్లు లేకపోవడం కాదు, మనుషులు లేకపోవడం. మా ఊరి నుంచి ఎటు పోయినా, ఎంత కరువు పట్టిన ఏడాదైనా, పది నిమిషాలకో మనిషి తగులుతాడు. గొర్రెలు కాసేవాడో, బస్సు కోసం చెట్టు కింద కూర్చున్న ముసలామో ఉంటారు. ఇక్కడ కనుమ ఎక్కితే కింద లోయ, లోయలో గీత గీసినట్టు రోడ్డు, అవతల మళ్లీ కనుమ. కొన్ని కనుమలు ఏడు వేల అడుగులు దాటతాయి. ఆగస్టు నెలాఖరులో పైన చలి, కింద సెగ. ఈ వరస రోజంతా సాగుతూనే ఉంటుంది. ఎదురుగా కారు కనిపించి, దగ్గరికి వచ్చి, దాటిపోవడానికి నిమిషాలు పడుతుంది. ఆ వచ్చినవాడు స్టీరింగ్ మీద నుంచి రెండు వేళ్లు ఎత్తి పలకరిస్తాడు. మొదట నా లైట్లేమైనా పాడయ్యాయేమో, అదే చెబుతున్నాడేమో అనుకున్నాను. యురేకా దాటేసరికి నేనూ ముందే వేళ్లు ఎత్తుతున్నాను.

ఆస్టిన్‌కు ముందు ఒకచోట కాళ్లు చాపుకుందామని దిగాను. కనుచూపు మేరా బూడిద రంగు పొదలు. సేజ్‌బ్రష్ అంటారు, నెవాడా రాష్ట్ర పుష్పం అదే. ఒక ఆకు తెంపి చూశాను. వేలిగోరంత వెడల్పు, కొసన మూడు నొక్కులు, మీద సన్నటి నూగు. నలిపి వాసన చూస్తే మాచిపత్రి! వినాయక చవితి పొద్దున నాయన తెచ్చే పత్రి కట్ట విప్పితే ముందుగా ముక్కుకు తగిలే ఘాటు. తర్వాత వెతికితే తెలిసింది, రెండూ ఆర్టిమీసియా జాతివేనట. ఇరవై ఒక్క పత్రుల్లో మొదటిది ఇక్కడ దిక్కుదిక్కునా పెరిగి ఉంది, కోసేవాడు లేడు.

ఆస్టిన్‌లో పెట్రోల్ గాలన్‌కు కాన్సాస్ కంటే దాదాపు రెండు డాలర్లు ఎక్కువ. నేను మీటర్ వైపు గుర్రుగా చూస్తుంటే పక్క పంపు దగ్గర పికప్‌లో కూర్చున్న పెద్దాయన నవ్వాడు. "ఇది నచ్చకపోతే తర్వాతి బంకులో కొట్టించుకో, నెట్టుకుంటూ పో" అన్నాడు. పశువుల రాంచ్ ఉందట ఆయనకు. పక్క ఇల్లు ఎంత దూరమని అడిగితే ఇరవై మైళ్లన్నాడు. మరీ అంత దూరమా అన్నాను. "ఆ, కాస్త దగ్గరే, ఏం చేస్తాం" అన్నాడు. నా మాటకు జవాబు చెబుతున్నాడో, తన బాధ చెప్పుకుంటున్నాడో అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది.

ఊరు దాటగానే ఫోన్ సిగ్నల్ పోయింది. ఈ దారి కాస్త అటూ ఇటూగా 1860లో పోనీ ఎక్స్‌ప్రెస్ గుర్రాలు నడిచిన దారి. మిస్సోరీ నుంచి శాక్రమెంటోకు ఉత్తరం పది రోజుల్లో చేర్చేవాళ్లు. టెలిగ్రాఫ్ తీగ రాగానే, ఏడాదిన్నరకే మూతపడింది. ఉత్తరాలు అందుకున్నవాళ్లకు పది రోజులే గొప్ప. మా అమ్మకు మూడు గంటలు వాట్సాప్‌లో రెండు టిక్కులు పడకపోతే టెన్షన్.

ఫాలన్ దగ్గరికి వచ్చేసరికి ఉన్నట్టుండి పచ్చదనం. పశువుల మేతకు వేసే అల్ఫాల్ఫా మళ్లు, మళ్ల పక్కన కాలవ. దాన్ని చూడగానే మా జిల్లాకు తుంగభద్ర నీళ్లు తెచ్చే హెచ్చెల్సీ కాలవ అనిపించి కారు స్లో చేశాను. ట్రక్కీ నది మీద 1905లో డెర్బీ డ్యామ్ కట్టి నీళ్లు ఇటు మళ్లించారు. ఆ నది ఎన్నడూ సముద్రం చేరదు, పిరమిడ్ సరస్సులో కలుస్తుంది. నీళ్లు ఇటు వచ్చాక ఆ సరస్సు తగ్గిపోయింది, దాని పక్కనున్న విన్నెముక్కా సరస్సు పూర్తిగా ఎండిపోయింది. పిరమిడ్ సరస్సు పైయూట్ అనే ఆదివాసీ తెగవాళ్లది. ఆ నీళ్ల కోసం వాళ్లు దశాబ్దాల పాటు కోర్టుల్లో పోట్లాడారు. తుంగభద్ర వాటాల గొడవలు వింటూ పెరిగినవాడికి ఇందులో విడమరిచి చెప్పాల్సిందేమీ లేదు.

రోడ్డు పక్కన ఒకావిడ టేబుల్ వేసుకుని కర్బూజాలు అమ్ముతోంది. ఈ ఊరు వాటికి ప్రసిద్ధి. కాయ నాలుగు డాలర్లు. బేరమాడితే బాగుండదని ఇచ్చేశాను. అక్కడే కోసిమ్మని కార్లో కూర్చుని సగం తిన్నాను. అంత తీపి కర్బూజా అమెరికాకు వచ్చాక తినలేదు. సిగ్నల్ వచ్చింది కదా అని అమ్మకు ఫోన్ చేశాను. అక్కడ అప్పుడే తెల్లారుతోంది.

"యాడున్న్యావురా? ఫోన్ చేస్తే తగల్లే, నిద్ర పట్టల్యా నాకు."

ఎడారిలో ఉన్నానని, కర్బూజా తింటున్నానని చెప్పాను.

"ఎడార్లో కర్బూజా యాడిదిరా?"

"కాలవ ఉందిమా. మన హెచ్చెల్సీ మాదిరే."

"కాయ ఎంతకిచ్చినారు?"

చెప్పాను. రూపాయల్లో ఎంతని అడిగింది. అదీ చెప్పాను. అటువైపు ఫోన్ పక్కకు పెట్టి నాయనకు రేటు చెప్పడం వినిపించింది. తర్వాత ఆయన గొంతు.

"మనం కిలో పది రూపాయలకు ఇస్తామన్నా లారీవాడు తిరిగి చూడలే. ఆయమ్మను ఏం విత్తనమో అడుగు పో."

అప్పటికే ఆవిడ టేబుల్ మడిచేస్తోంది. అయినా దిగి వెళ్లాను.