జులైలో పక్షులకోసం ఎండిపోతున్న చెరువు దగ్గరికి

అమెరికాలో అరిజోనా ఎడారి ఊరైన ఫీనిక్స్‌లో ఉండి జులైలో పక్షుల్ని చూడ్డానికి వెళ్తున్నానంటే ఎవరైనా మనల్ని ఒకసారి ఎగాదిగా చూస్తారు. మధ్యాహ్నానికి 110 డిగ్రీల ఫారన్‌హీట్ దాటే చోట ఆ చూపు న్యాయమే. అయినా పక్క ఊరు గిల్బర్ట్‌లో పక్షులు చేరే చెరువుల చోటు, రిపేరియన్ ప్రిజర్వ్‌కి ఎప్పుడు రావాలని అడిగితే నేను జులై చివర, ఆగస్టు మొదలు అనే చెప్తాను. చలికాలాన్ని జనం ఎంత పొగిడినా సరే.

అమెరికాలో చాలాచోట్ల ఉన్నట్టు అరిజోనాలో వేసవికి గడియారం ముందుకు జరిపే తంతు లేదు, అందుకని ఐదున్నరకల్లా ఎండ వచ్చేస్తుంది. పక్షుల్ని చూస్తూ గుంపుగా నడిచే మా గ్రూప్ వాక్ కూడా అప్పుడే మొదలు.

ముందు ఆ చోటు సంగతి. 110 ఎకరాలు, అందులో ఏడు చెరువులు. దేవుడు తవ్వినవేం కాదు, ఊరి మురుగునీటిని శుభ్రం చేసి భూమిలోకి ఇంకించడానికి కట్టినవి. 1999లో తెరిచారు. ఒక్కోదాన్ని వంతులవారీగా నింపుతారు, ఇంకనిస్తారు, ఎండబెడతారు, ఎందుకంటే అడుగున నాచూ ఒండ్రూ పేరుకుపోతే నీళ్లు కిందికి దిగవు. కాబట్టి ఒక చెరువు నిండుగా ఉన్నప్పుడు పక్కది ఉత్త బురద. కొత్తగా వచ్చినవాళ్లందరూ నిండు చెరువుకే పోతారు, ఫోటోలు అక్కడే బాగా వస్తాయి మరి. అక్కడ బాతులూ, నామాల కోళ్లూ, రెక్కలు ఆరబెట్టుకునే నీటికాకులూ ఉంటాయి, కాదనను. కానీ అసలు సంత సగం ఎండిన చెరువులోనే.

వాక్ నడిపించిన పెద్దాయన అలాంటి గట్టు మీదే స్కోప్ (దూరాన్ని దగ్గరగా చూపే దుర్బిణి) నిలబెట్టి ఇక కదల్లేదు. "నాన్నా, నడుద్దామన్నారు కదా" అని ఒక పిల్లాడు గునుస్తూనే ఉన్నాడు. నిజమే, వాక్ అని పిలిచి నిలబెట్టేశారు! నాకైతే అదే నచ్చింది. బురదలోకి చూస్తే మొదట మట్టిగడ్డలు తప్ప ఏమీ కనిపించదు, కాసేపటికి అందులో ఒక గడ్డ పరుగెడుతుంది, ఇంకోటి పరుగెడుతుంది, అప్పుడు తెలుస్తుంది అవి పిచ్చుకంతేసి బురదపిట్టలు, లీస్ట్ శాండ్‌పైపర్లని. కాళ్లు పసుపు. పక్కనే వెస్టర్న్ శాండ్‌పైపర్, దానికి నల్ల కాళ్లు, ముక్కు కాస్త పొడుగు, కొస దగ్గర కొంచెం కిందికి వంగి ఉంటుంది. బురద అంటుకుంటే కాళ్ల రంగు ఏమిటో తేలక పెద్ద పెద్ద వాదనలు.

ఇవన్నీ ఉత్తరాన ఆర్కిటిక్ వైపు పిల్లల్ని లేపి అప్పుడే దక్షిణానికి దిగుతున్నవి. మనకింకా నడి వేసవి, వాటికి మాత్రం తిరుగు ప్రయాణం మొదలైపోయింది. ముందు పెద్దవి వస్తాయి, ఈకలు అరిగి వెలిసిపోయి ఉంటాయి. ఆ ఏడాది పిల్లలు వెనకాల వస్తాయి, ఒక్కో ఈకకీ ఎర్రమట్టి రంగు అంచు, కొత్తబట్టలు కట్టుకున్నట్టే.

ఇక్కడే గూడు పెట్టుకునే నల్లమెడ స్టిల్ట్‌లనే నీటిపక్షుల తంటా వేరు. కాళ్లేమో గులాబీ రంగులో పొడుగ్గా, గూడేమో నీళ్ల పక్కన బట్టబయట నేల మీద. అందుకే పొట్ట ఈకలు నీళ్లలో తడుపుకుని వెళ్లి గుడ్ల మీద కూర్చుంటాయి. ఈ ఎండల్లో పొదగడమంటే వెచ్చబెట్టడం కాదు, చల్లబరచడం.

ఏడున్నర దాటేసరికి గట్టు మీద కొంగ నోరు తెరిచి గొంతు కింది చర్మం గబగబా అదిరిస్తూ కనిపించింది. పక్షులకి చెమట పట్టదు, వేడి అలాగే పోగొట్టుకుంటాయి. ఆఫ్రికా నుంచి పెంపుడు పిట్టలుగా వచ్చి, పంజరాలు తప్పించుకుని ఇక్కడే స్థిరపడ్డ లవ్‌బర్డ్‌లనే చిన్న చిలకలు ఇంకా తెలివైనవి, దగ్గర్లోని టెంపీ ఊళ్లో ఒక యూనివర్సిటీ భవనానికి ఏసీ గాలి బయటికొచ్చే కంతల దగ్గర చేరి కూర్చుంటాయి.

వెళ్లేవాళ్లు నీళ్లు ఎక్కువే పట్టుకెళ్లండి, దోమల మందు కూడా. ఏ చెరువు ఏ దశలో ఉందో మాత్రం గట్టెక్కి చూసుకోవాల్సిందే, పోయిన వారం బురదగా ఉన్నది ఈ వారం నిండిపోయి ఉండొచ్చు.