బందరు నుంచి జైసల్మేర్ దాకా కారులో: దారి సులువే, ఏడిపించింది ట్యాగే

బందరు నుంచి జైసల్మేర్‌కి కారులో వెళ్దామనుకునేవాళ్ళు హోటళ్ళ సంగతి, ఒంటెల సంగతి తర్వాత చూసుకోండి. ముందు అద్దం మీద అంటించిన ఫాస్టాగ్ ఎవరి పేరున, ఏ ఫోన్ నంబరు మీద, ఏ బండి నంబరు మీద ఉందో తేల్చుకోండి. దారి చూసుకుని, గదులు మాట్లాడుకుని, బండి సర్వీసుకిచ్చి తెచ్చుకోడానికి పట్టిన టైమంతా కలిపినా ఈ ఒక్క స్టిక్కర్‌కి పట్టిన టైముకి సరిపోదు. ఒళ్ళు మండుతుండగానే రాసేస్తున్నా.

దారి నాలుగు ముక్కల్లో తేలిపోతుంది. 65వ నంబరు జాతీయ రహదారి మన బందర్లోనే మొదలు. దాని మీద హైదరాబాదు సుమారు 340 కిలోమీటర్లు. అక్కణ్ణుంచి 44వ నంబరు మీద నిర్మల్, ఆదిలాబాద్, హింగన్‌ఘాట్ మీదుగా నాగ్‌పూర్ 500. నాగ్‌పూర్ నుంచి బేతుల్, హర్దా మీదుగా ఇందోర్‌కి ఒక పగలంతా పడుతుంది. ఇందోర్ నుంచి రత్లాం, నీమచ్, చిత్తోడ్‌గఢ్ మీదుగా ఉదయ్‌పూర్. తర్వాత జోధ్‌పూర్. జోధ్‌పూర్ నుంచి పోఖ్రాన్ మీదుగా జైసల్మేర్ ఇంకో 280. అంతా కలిపి రెండువేల రెండొందలకి అటూ ఇటూ. రోజుకి 500 మించి పెట్టుకోవద్దు. రాత్రి పడకలు హైదరాబాద్, నాగ్‌పూర్, ఇందోర్, ఉదయ్‌పూర్, జోధ్‌పూర్ అనుకుంటే సరిగ్గా కుదురుతుంది. అక్టోబరు ఆఖరు నుంచి ఫిబ్రవరి దాకానే వెళ్ళండి. మేలో వెళ్ళే ధైర్యవంతులకి నేను చెప్పేదేం లేదు.

ఇక ట్యాగ్.

రానూపోనూ ఇన్ని టోల్ గేట్లు ఉన్నప్పుడు ఏడాదికి ఒకేసారి డబ్బు కట్టేసే ఫాస్టాగ్ యాన్యువల్ పాస్ తీసుకోవడమే లాభం. 2025 ఆగస్టు 15న మొదలైంది. అప్పుడు పెట్టిన ధర 3000 రూపాయలు. సొంత కారుకి ఏడాది గానీ 200 ట్రిప్పులు గానీ, ఏది ముందైతే అది. మామూలు గేటు ఒకసారి దాటితే ఒక ట్రిప్పు, తిరిగొస్తే ఇంకోటి. జాతీయ రహదారుల సంస్థ వాళ్ళ రాజ్‌మార్గ్‌యాత్ర యాప్‌లో బండి నంబరు కొట్టి డబ్బు కడితే చాలు, మామూలుగా రెండు గంటల్లో పని చేస్తుంది. కాయితం మీద అంతే.

నేను నంబరు కొడితే యాప్ ఒప్పుకోలేదు. కారణం తవ్వితే తేలింది ఇది: కొత్త కారు చేతికిచ్చేనాటికి ఉండేది టీఆర్ (తాత్కాలిక రిజిస్ట్రేషన్) నంబరే కాబట్టి షోరూమ్ వాళ్ళు ట్యాగ్‌ని ఛాసిస్ నంబరు మీద తీసి అంటించేస్తారు. అసలు నంబరు వచ్చాక 90 రోజుల్లోగా దాన్ని ట్యాగ్‌కి ఎక్కించాలి. ఎక్కించకపోతే ముందు హాట్‌లిస్టు అనే జాబితాలో పెడతారు, ఇంకో 30 రోజులు దాటితే బ్లాక్‌లిస్టు, అంటే గేటు దగ్గర ట్యాగ్ చెల్లదు. ఛాసిస్ నంబరు మీదే ఉన్న ట్యాగ్‌కి యాన్యువల్ పాస్ ఇవ్వరు. "అన్నీ మేమే చూసుకుంటాం సార్, మీరు ఎంజాయ్ చేయండి" అన్న షోరూమ్ వాళ్ళు ఆ నంబరు ఎక్కించనే లేదు. పైగా ఆ ఖాతాకి పెట్టిన ఫోన్ నంబరు నాది కాదు, వాళ్ళ దగ్గర పనిచేసే ఒక కుర్రాడిది. ఆ కుర్రాడు ఉద్యోగం మానేసి ఎటో వెళ్ళిపోయాడు. నా డబ్బుకి వచ్చే ఓటీపీలన్నీ అతని జేబులోకి.

ట్యాగ్ ఇచ్చిన బ్యాంకు కాల్ సెంటర్‌కి చేస్తే "మీరు రిజిస్టర్ అయిన నంబరు నుంచి చేయండి సార్." ఆ నంబరు నాది కాదనేగా అమ్మా ఈ ఫోను? "అయితే రిజిస్టర్డ్ నంబరుకి ఓటీపీ పంపిస్తాం, చెప్పండి సార్." బ్రాంచికి వెళితే ఫాస్టాగ్ మా పరిధి కాదు, పోర్టల్‌లో పెట్టుకోమన్నారు. పోర్టల్‌లోకి వెళ్ళాలంటే మళ్ళీ ఆ ఓటీపీయే. వేరే బ్యాంకులో కొత్త ట్యాగ్ తీసుకుందామంటే ఒక బండికి ఒకే ట్యాగ్, పాతది మూయించుకుని రమ్మన్నారు. మూయాలంటే? ఓటీపీ.

ఈలోగా విజయవాడ అవతల ఒక గేటు దగ్గర కర్ర లేవలేదు. లేన్‌లో నిలబడ్డ కుర్రాడు చేతి మెషిన్ అద్దానికి ఆనించి చూసి, "బ్లాక్‌లిస్ట్ బండీ! పక్కకి తీయండి!" అని వెనక లారీల దాకా వినపడేలా అరిచాడు. హారన్లు మోగుతుంటే రివర్సు చేసుకుని, నగదు కింద రెట్టింపు కట్టి బయటపడ్డాను. ముప్పై ఏళ్ళుగా ఒక్క బాకీ ఎగ్గొట్టని మనిషిని బ్లాక్‌లిస్టు అనిపించుకున్నా, అదీ ఎవరి నిర్వాకానికో. మీకా గతి పడితే నగదు తీయకండి. 2025 నవంబరు 15న వచ్చిన నిబంధన ప్రకారం ట్యాగ్ చెల్లని బండి యూపీఐలో కడితే ఒకటింబావు వంతే, నగదైతేనే రెట్టింపు. ఈ ముక్క ఆ కుర్రాడు చెప్పడు. ఇంకోటి: ట్యాగ్‌లో డబ్బుండి, అంతా సరిగ్గా ఉండి, గేటు దగ్గర మెషినే పనిచేయకపోతే పైసా కట్టక్కర్లేదు. జీరో ట్రాన్సాక్షన్ రసీదు ఇచ్చి పంపించాలని నిబంధనే ఉంది. గట్టిగా అడగండి.

చివరికి పని చేసిన పద్ధతి ఇది. ట్యాగ్ కింద బార్‌కోడ్ పక్కన అంకెలుంటాయి, వాటిని దగ్గరగా ఫోటో తీయండి. కారు ముందు నుంచి నంబర్ ప్లేటు, ట్యాగ్ రెండూ ఒకే ఫ్రేములో పడేలా ఇంకోటి. ఆర్సీ రెండు వైపులా, ఛాసిస్ నంబరున్న షోరూమ్ బిల్లు, ఆధార్. వీటితో బ్యాంకు గ్రీవెన్స్ అధికారికి మెయిల్ పెట్టండి. ఫోన్ నంబరు మార్చమని ఒక మెయిలు, అది అయ్యాక బండి నంబరు ఎక్కించమని ఇంకోటి. రెండూ ఒకే అర్జీలో పెడితే ఒకటి సరిపోలలేదని రెండూ తిప్పికొడతారు. ప్రతి జవాబులో ఫిర్యాదు నంబరు అడిగి తీసుకోండి. 30 రోజుల్లో తేల్చకపోతే బ్యాంకుల మీద ఫిర్యాదులు తేల్చే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కి ఆన్‌లైన్లో ఫిర్యాదు చేసుకోవచ్చు. ఆ మాట మెయిల్లో రాసేదాకా నాకు వచ్చినవన్నీ "మీ సహనానికి ధన్యవాదాలు" బాపతే. రాశాక బ్యాంకు నుంచి ఒక మనిషి తనే ఫోన్ చేసి "ఏంటి సార్ సమస్య" అన్నాడు. మర్యాదగా ఉండాల్సిందే కానీ, మర్యాద ఒక్కదానితో ఈ దేశంలో ఫైలు కదలదు.

బ్యాంకు "అయిపోయింది" అంటే నమ్మకండి. ఫాస్టాగ్ చెల్లింపుల వ్యవస్థ నడిపే ఎన్‌పీసీఐ సైట్లో ఫాస్టాగ్ స్టేటస్ చూసే పేజీ ఉంది. మీ బండి నంబరు కొడితే ట్యాగ్ స్థితి, తరగతి, బ్యాంకు కనపడతాయి. యాక్టివ్ అని, కారు తరగతి వీసీ4 అని ఉండాలి. అప్పుడు పాస్ తీసుకోండి. ట్యాగ్ అద్దానికి అంటించే ఉండాలి. చేత్తో పట్టుకుని చూపిస్తే దాన్నీ బ్లాక్‌లిస్టులో పడేస్తున్నారు.

పాస్ ఉంది కదా అని ట్యాగ్ వాలెట్ ఖాళీగా ఉంచకండి. జాతీయ రహదారులకే అది చెల్లుతుంది. పెద్ద అంబర్‌పేట దగ్గర ఔటర్ రింగు రోడ్డెక్కి మేడ్చల్ దగ్గర దిగితే డబ్బు వాలెట్లోంచే పోతుంది. ఇందోర్ దాటాక లేబడ్ నుంచి జావ్‌రా మీదుగా నీమచ్ అవతల నయాగావ్ దాకా నాలుగు వరుసల రోడ్డు బ్రహ్మాండంగా ఉంటుంది, కానీ అది రాష్ట్రం రోడ్డు, అక్కడా అంతే. రాష్ట్రాల గేట్లలో కొన్నిటికి ట్యాగ్ స్థితి ఆలస్యంగా చేరుతుంది. క్యూలో నిలబడి రీచార్జి చేస్తే పనికి రాకపోవచ్చు, ముందురోజు రాత్రే వేసేసుకోండి.

మిగతావి పెద్ద పనులు కావు. ఆర్సీ, లైసెన్సు డిజిలాకర్లో ఉంటే చాలు. ఇన్సూరెన్సు, పొల్యూషన్ తేదీలు తిరిగొచ్చే రోజు దాటి ఉండాలి. టైర్లలో గాలి పొద్దున్నే, బండి కదలకముందు చల్లగా ఉన్నప్పుడు చూడాలి. మధ్యాహ్నం వేడి మీద చూసి ఎక్కువుందని తీసేస్తే మర్నాటికి తక్కువైపోతుంది. స్టెప్నీలో గాలి ఎవరూ చూడరు, మీరు చూడండి.

ఉదయ్‌పూర్ నుంచి జోధ్‌పూర్‌కి రణక్‌పూర్ మీదుగా వెళ్ళండి. అక్కడి జైన ఆలయంలోకి జైనులు కాని సందర్శకులని మధ్యాహ్నం 12 నుంచి 5 దాకానే రానిస్తారు. బెల్టు, పర్సు తోలువైతే కారులోనే వదిలేయాలి. పొద్దున్నే బయల్దేరిపోతే అక్కడ గేటు ముందు కూర్చోవలసి వస్తుంది. పోఖ్రాన్ దాటాక రోడ్డు తిన్నగా, ఖాళీగా ఉంటుంది. అదే ప్రమాదం. ఆవులూ ఒంటెలూ రోడ్డు మీదే నిలబడి ఉంటాయి, చీకట్లో దగ్గరికి వచ్చేదాకా కనపడవు. భాద్రపదంలో అయితే పోఖ్రాన్ దగ్గరి రామ్‌దేవ్‌రా క్షేత్రానికి కాలినడకన వెళ్ళే భక్తులతో జోధ్‌పూర్–పోఖ్రాన్ రోడ్డు నిండిపోతుంది.

జైసల్మేర్ పొలిమేరలో పైరాష్ట్రం ప్లేటు చూడగానే బైకు మీద వెంటపడి, అద్దం కొట్టి, "హోటల్? క్యాంప్?" అని అడిగేవాళ్ళుంటారు. అక్కడివాళ్ళు వాళ్ళని లప్‌కాలంటారు. అద్దం దించకండి, ఆపకండి.

సామ్ ఇసుక దిబ్బలు ఊరికి 40 కిలోమీటర్లు, తారు రోడ్డు దిబ్బల పక్కదాకా వెళ్తుంది. మన కార్లలో ఎక్కువ ముందు చక్రాలతో లాగేవే. రోడ్డు దిగి ఇసుకలోకి పోనివ్వకండి. దిగబడితే యాక్సిలరేటర్ తొక్కేకొద్దీ చక్రం గొయ్యి తవ్వుకుని బండి పొట్ట ఇసుక మీద కూర్చుంటుంది. చక్రాల ముందూ వెనకా ఇసుక చేత్తో తీసి, గాలి 18–20 పీఎస్‌ఐ దాకా దించి, స్టీరింగ్ తిన్నగా పెట్టి, వచ్చిన జాడలోనే మెల్లగా వెనక్కి తీయాలి. తారు ఎక్కగానే మళ్ళీ గాలి పట్టాలి కాబట్టి 12 వోల్టుల పంపు కారులో ఉండాల్సిందే. జీపుతో లాగేవాళ్ళని పిలిస్తే బేరం తాడు కట్టకముందే తేల్చుకోండి.

తనోట్ మాత గుడి జైసల్మేర్ నుంచి 120 కిలోమీటర్లు, నడిపేది సరిహద్దు కాపలా దళం బీఎస్ఎఫ్ వాళ్ళు. దారిలో రామ్‌గఢ్‌లో పెట్రోలు నింపుకోండి. 1971 యుద్ధం జరిగిన లోంగేవాలా కూడా చూసుకుని చీకటి పడకుండా తిరిగి రావాలంటే తెల్లవారగానే బయల్దేరాలి. ఫోన్ సిగ్నల్ మీద ఆశ పెట్టుకోకండి, మ్యాపు ముందే దించుకోండి. ఇంటికొచ్చాక ఇంజిన్ ఎయిర్ ఫిల్టరు, ఏసీ ఫిల్టరు రెండూ విప్పి దులపండి, అవసరమైతే మార్చేయండి. సర్వీస్ సెంటర్ వాళ్ళు అడగందే ఏసీ ఫిల్టరు తీసి చూడరు.