రెండు మార్కులు

ఈయన పడుకున్నారు. నాకు మాత్రం చిన్నదాని సైన్స్ పేపరే బుర్రలో తిరుగుతోంది. 25 కిలోల స్వచ్ఛమైన సున్నపురాయిని కాలిస్తే పొడిసున్నం ఎంత వస్తుందని ప్రశ్న. 14 కిలోలని రాసింది. వందకి 56 అయితే పాతికకి 14, సరిగ్గానే ఉంది. తుల్య సమీకరణం, అంటే రెండు పక్కలా పరమాణువుల లెక్క సరిపోయే సమీకరణం, రాయలేదని రెండు మార్కులు కోసేశారు. కోసినందుకు ఎర్రగీత ఒక్కటే, సమీకరణం ఎందుకు కావాలో ఒక్క ముక్క కూడా లేదు. "రెండు మార్కులేగా, వదిలేయ్" అంటారు ఈయన. లెక్క వచ్చిన పిల్లకి రాదన్నట్టు గీత పెడితే ఎలా వదిలేయను?

అదీ సున్నం లెక్క! సంక్రాంతి ముందు తాతయ్య పిడుగురాళ్ల బట్టీల నుంచి సున్నం గడ్డలు తెప్పించేవాడు. పెరట్లో పాత డ్రమ్ములో వేసి నీళ్లు పోస్తే కుతకుతా ఉడికేది. కళ్ళలో పడుతుందని మమ్మల్ని వసారా దిగనిచ్చేవాడు కాదు. చల్లారాక వడగట్టి, కాస్త నీలిమందు కలిపి గోడలకి కొట్టేవాళ్లు. బట్టీలో వంద కిలోల రాయి నుంచి 44 కిలోల కార్బన్ డయాక్సైడ్ పోయి 56 కిలోల పొడిసున్నం మిగులుతుంది. దానికి 18 కిలోల నీళ్లు కలిస్తే 74 కిలోల తడిసున్నం. గోడకి కొట్టాక అది గాలిలోంచి అదే 44 తిరిగి లాక్కుని, 18 కిలోల నీటిని వదిలేసి, మళ్లీ వంద కిలోల సున్నపురాయి అవుతుంది. ఇంటర్‌లో ఈ లెక్క కుదిరిన రోజు ఎంత సంతోషమేసిందో!

ఆ ఊపులోనే రాత్రి భోజనాలయ్యాక చిన్నదాన్ని ఇంకోటి అడిగాను. 24 గ్రాముల మెగ్నీషియం కాలిస్తే ఎంత బూడిద? 24కి ఆక్సిజన్ అణువు భారం 32 కలిపి 56 అంది. తుల్యం చేయలేదు మరి. ఒక్కోటి 24 చొప్పున రెండు మెగ్నీషియం పరమాణువులకి ఒక ఆక్సిజన్ అణువు చాలు, అంటే 48కి 32. కాబట్టి 24కి 16, బూడిద 40 గ్రాములు. సున్నపురాయి సమీకరణం రాయగానే తుల్యమై ఉంటుంది, అందుకే అక్కడ గట్టెక్కింది.

అయితే సార్ సమీకరణం అడగడంలో తప్పులేదు. మార్కులు కోసినా సరే అనిపిస్తోందిప్పుడు. కానీ ఈ మెగ్నీషియం లెక్క ఆయనే ఆ గీత పక్కన రాసి ఉంటే పిల్ల సాయంత్రమంతా ముఖం ముడుచుకుని కూర్చునేది కాదు. పేరెంట్స్ మీటింగ్‌లో అడుగుతాను. ఈయన వద్దన్నా సరే.