రిపోర్టులో ఉన్న ఎల్‌డీఎల్ కొలిచినదా, లెక్కేసినదా? షుగర్ ఉన్న మనిషిగా నా అనుభవం

నాకు షుగర్ వచ్చి పదేళ్లు దాటింది. ఉండేది ఖమ్మంలో, బ్యాంకు ఉద్యోగం చేసి రిటైరయ్యాను. ఏటా చేయించే లిపిడ్ ప్రొఫైల్‌లో, అంటే రక్తంలో కొవ్వుల పరీక్షలో, ఆ మధ్య వచ్చిన అంకెలు ఇవి: మొత్తం కొలెస్ట్రాల్ 168, మంచి కొలెస్ట్రాల్ అనే హెచ్‌డీఎల్ 36, ట్రైగ్లిజరైడ్స్ అనే కొవ్వు 310, ఆ కొవ్వును మోసే కణాల్లోని కొలెస్ట్రాల్ అయిన వీఎల్‌డీఎల్ 62, చెడు కొలెస్ట్రాల్ అనే ఎల్‌డీఎల్ 70. నాకు పెట్టిన హద్దు కూడా 70 కాబట్టి చెడు కొలెస్ట్రాల్ అదుపులోనే ఉందని ఇంట్లో అందరూ ఊపిరి పీల్చుకున్నారు. నా చూపు మాత్రం వీఎల్‌డీఎల్ దగ్గర ఆగింది. 310ని 5తో భాగిస్తే సరిగ్గా 62. పాత రిపోర్టులు తీసి చూస్తే అన్నిట్లోనూ అదే వరస. ఉద్యోగమంతా అంకెలతోనే గడిచింది నాకు. రక్తంలో ఉండే పదార్థం ఏటేటా తు.చ. తప్పకుండా ఐదో వంతే ఉంటుందంటే నమ్మబుద్ధి కాలేదు.

ల్యాబుకి వెళ్లి అడిగాను. అక్కడి అమ్మాయి దాచకుండా చెప్పింది. "ఆంటీ, మిషన్ కొలిచేది మూడే. మొత్తం కొలెస్ట్రాల్, హెచ్‌డీఎల్, ట్రైగ్లిజరైడ్స్. మిగతావి సాఫ్ట్‌వేరే లెక్కేస్తుంది. ఎల్‌డీఎల్ నేరుగా కావాలంటే డైరెక్ట్ ఎల్‌డీఎల్ అని విడిగా రాయించుకోవాలి."

ఆ లెక్క 1972 నాటిది. అమెరికాలో ఫ్రీడెవాల్డ్, లెవీ, ఫ్రెడ్రిక్సన్ అనే ముగ్గురు 448 మంది రక్తపు నమూనాలు చూసి కట్టిన సూత్రం. మొత్తంలోంచి హెచ్‌డీఎల్ తీసెయ్యాలి, ట్రైగ్లిజరైడ్స్‌లో ఐదో వంతు తీసెయ్యాలి, మిగిలింది ఎల్‌డీఎల్. అప్పట్లో ఎల్‌డీఎల్‌ని విడదీసి కొలవాలంటే రక్తాన్ని విపరీతమైన వేగంతో గంటల తరబడి తిప్పే అల్ట్రాసెంట్రిఫ్యూజ్ కావాలి. ప్రతి ఆసుపత్రికీ అదెక్కడ దొరుకుతుంది? అందుకని ఆ సూత్రం ప్రపంచమంతా పాకింది. ట్రైగ్లిజరైడ్స్ 400 దాటితే ఇది పనికిరాదని వాళ్లే రాశారు. ఆ గీత చాలామందికి తెలుసు. 400 లోపు కూడా తేడా వస్తుందన్న సంగతే మన దాకా రాదు. ట్రైగ్లిజరైడ్స్ పెరిగేకొద్దీ వీఎల్‌డీఎల్‌లోని కొలెస్ట్రాల్ ఐదో వంతు కంటే తక్కువగా ఉంటుంది. సూత్రం మాత్రం ఐదో వంతూ తీసేస్తుంది. ఎక్కువ తీసేస్తే మిగిలేది తగ్గుతుంది కదా, ఎల్‌డీఎల్ ఉన్నదానికంటే తక్కువగా కనిపిస్తుంది. మందులు వాడి ఎల్‌డీఎల్ తగ్గించుకున్నవాళ్లలో ఈ తేడా ఇంకా పెద్దదిగా తేలుతుంది. ట్రైగ్లిజరైడ్స్ ఎక్కువ, కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మాత్రల వాడకం. షుగర్ ఉన్న మనలో ఎందరికో ఈ రెండూ ఉంటాయి.

రిపోర్టులు పట్టుకుని డాక్టరు గారి దగ్గరికి వెళ్లాను. ఆయన ముందుగా ఎల్‌డీఎల్ గడి చూడనే లేదు. 168లోంచి 36 తీసి, కాగితం అంచున 132 అని రాసి సున్నా చుట్టారు. "ఇది నాన్ హెచ్‌డీఎల్ అమ్మా. గుండెకి హాని చేసే కొలెస్ట్రాల్ అంతా ఇందులోకి వస్తుంది. ఐదో వంతు గొడవ లేదు, పరగడుపున తీశారా తిన్నాక తీశారా అన్న పట్టింపు కూడా పెద్దగా లేదు. మీ ఎల్‌డీఎల్ హద్దు 70 అయితే దీని హద్దు 100. మీరు 132లో ఉన్నారు." ఒకే కాగితంలో ఒక అంకె అంతా బాగుందంటోంది, దాని పక్కనే రెండో అంకె హద్దుకు 32 పైన ఉంది. పైసా ఖర్చు లేకుండా ఒక్క తీసివేతతో తెలిసే విషయం ఇది. ప్రతి రిపోర్టులోనూ పెద్ద అక్షరాల్లో వేయాల్సిన అంకె ఇదేనని నా గట్టి అభిప్రాయం.

డైరెక్ట్ ఎల్‌డీఎల్, చెడు కొలెస్ట్రాల్ కణాల మీద ఉండే ప్రొటీన్‌ని కొలిచే అపోబీ పరీక్ష రెండూ రాయమని నేనే అడిగాను. ఆయన రాసి, పరీక్షకి ఎలా వెళ్లాలో వివరంగా చెప్పారు. ఈ భాగం కొంచెం వివరంగానే చెబుతాను, ఎందుకంటే ఇక్కడ ప్రమాదం కూడా ఉంది. మామూలు లిపిడ్ పరీక్షకి ప్రతిసారీ పరగడుపు అక్కర్లేదని యూరప్ నిపుణుల సంఘాలు 2016లోనే చెప్పాయి. కానీ నాలా ట్రైగ్లిజరైడ్స్ బాగా ఎక్కువ వచ్చినప్పుడు మళ్లీ పరగడుపున చూడటం మంచిదన్నారు ఆయన. అదీ 9 నుంచి 12 గంటలు చాలు, మంచినీళ్లు తాగొచ్చు. షుగర్‌కి నేను మెట్‌ఫార్మిన్‌తో పాటు గ్లిమిపిరైడ్ వేసుకుంటాను. పొద్దుటి మాత్ర రక్తం ఇచ్చి టిఫిన్ చేసేటప్పుడే వేసుకోమన్నారు. ఇది నాకు చెప్పిన మాట. ఇన్సులిన్ వాడేవాళ్లు, వేరే మాత్రలు వాడేవాళ్లు ఎవరికి వారు తమ డాక్టరునే అడగాలి. ఆ పొద్దున ల్యాబులో నా పక్కన కూర్చున్న పెద్దాయనకి ఒళ్లంతా చెమటలు పట్టి చేతులు వణికాయి. రాత్రి తొందరగా తినేసి, పొద్దున్నే షుగర్ మాత్ర వేసుకుని, ఏమీ తినకుండా తన వంతు కోసం కూర్చున్నాడు. గ్లూకోజ్ నీళ్లు తాగించాక తేరుకున్నాడు. షుగర్ ఉన్నవాళ్లని మొదట పిలవండని నేను కౌంటర్‌లో గట్టిగానే చెప్పాను. అడిగితే పిలుస్తారు, మొహమాటపడొద్దు.

జ్వరం వచ్చి తగ్గిన వెంటనే పరీక్ష వద్దని కూడా డాక్టరు గారు చెప్పారు, ఒంట్లో బాగోనప్పుడు ఎల్‌డీఎల్ తగ్గి కనిపిస్తుందట.

ఫలితాలు వచ్చాయి. ట్రైగ్లిజరైడ్స్ దాదాపు అక్కడే ఉన్నాయి. డైరెక్ట్ ఎల్‌డీఎల్ 84. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థ వాళ్లు 2020లో ఇచ్చిన కొత్త సూత్రం ఒకటుంది, శాంప్సన్ సూత్రం అంటారు. ట్రైగ్లిజరైడ్స్ 800 వరకు ఉన్నా వాడొచ్చని దాన్ని తెచ్చారు. పాత రిపోర్టు అంకెలతో కాలిక్యులేటర్ ముందు పెట్టుకుని లెక్క కడితే 81 వచ్చింది. అంతకు ముందే, 2013లో, జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయం నుంచి మార్టిన్ అనే డాక్టరు బృందం అందరికీ 5 అనే భాజకం వాడకుండా, మనిషి ట్రైగ్లిజరైడ్స్‌ని, నాన్ హెచ్‌డీఎల్‌ని బట్టి భాజకం మార్చే పద్ధతి తెచ్చింది. డైరెక్ట్ పరీక్ష కూడా నూటికి నూరుపాళ్లు గట్టిదని కాదు. కిట్ కంపెనీని బట్టి తేడాలుంటాయి, ట్రైగ్లిజరైడ్స్ మరీ ఎక్కువైతే అదీ తడబడుతుంది. అందుకే నేను ల్యాబు మార్చడం లేదు.

అపోబీ 104 వచ్చింది, నాకు 80 లోపు ఉండాలన్నారు. ఎల్‌డీఎల్ కణం ఒక్కోదానికీ ఒక్కో అపోబీ ఉంటుంది, కాబట్టి ఇది కణాల సంఖ్య చెబుతుంది. షుగర్ ఉన్నవాళ్లలో ఎల్‌డీఎల్ కణాలు చిన్నవిగా, దట్టంగా ఉంటాయి, ఒక్కోదాంట్లో పట్టే కొలెస్ట్రాల్ తక్కువ. వంద కిలోల బియ్యాన్ని నాలుగు బస్తాల్లో కట్టినా ఇరవై సంచుల్లో కట్టినా తూకం ఒకటే. రక్తనాళం గోడలోకి దూరేది మాత్రం కణాలు. ఎన్ని ఉంటే అంత ముప్పు.

ఆ తర్వాత పని షుగర్‌తోనే మొదలైంది. రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే నా హెచ్‌బీఏ1సీ అప్పుడు 9.2. ఇన్సులిన్ సరిగా పనిచేయనప్పుడు కొవ్వు కణాల్లోంచి కొవ్వు బయటికొచ్చి కాలేయానికి చేరుతుంది. కాలేయం దాన్ని వీఎల్‌డీఎల్‌గా మార్చి రక్తంలోకి వదులుతుంది. షుగర్ దిగితే ట్రైగ్లిజరైడ్స్ కూడా దిగుతాయని చెప్పి, డాక్టరు గారు ముందు థైరాయిడ్ పరీక్ష చేయించి, మందులు సర్దారు. రాత్రి అన్నం తగ్గించాను, భోజనం అయ్యాక నడక పెట్టుకున్నాను.

కొన్ని నెలల తర్వాత హెచ్‌బీఏ1సీ 7.3కి వచ్చింది. లిపిడ్ ప్రొఫైల్‌లో మొత్తం కొలెస్ట్రాల్ 142, హెచ్‌డీఎల్ 40, ట్రైగ్లిజరైడ్స్ 160. లెక్కేసిన ఎల్‌డీఎల్ ఎంతో తెలుసా? మళ్లీ 70! ఆ గడి ఒక్కటే చూసేవాళ్లకి ఇన్ని నెలల కష్టానికీ ఏమీ మారనట్టే. నాన్ హెచ్‌డీఎల్ మాత్రం 132 నుంచి 102కి దిగింది, అపోబీ 84కి, డైరెక్ట్ ఎల్‌డీఎల్ 75కి. ట్రైగ్లిజరైడ్స్ తగ్గేసరికి లెక్కకీ కొలతకీ మధ్య దూరం కూడా 14 నుంచి 5కి తగ్గింది. ఆ కాగితం చూసినప్పుడు కలిగిన సంతోషం అంతా ఇంతా కాదు.

ఇంకా హద్దుకు కాస్త పైనే ఉన్నానని స్టాటిన్‌కి తోడు ఎజెటిమైబ్ అనే మరో కొలెస్ట్రాల్ మాత్ర కలిపారు. పాత రిపోర్టు మీద నాన్ హెచ్‌డీఎల్ చూడకుండా 70 దగ్గరే ఆగి ఉంటే ఈ మాత్ర ఆలోచనే వచ్చేది కాదు. తర్వాతి పరీక్ష సంక్రాంతి దాటాక. అరిసెలు, సకినాల రోజులు అయిపోయాక రెండు వారాలు ఆగి రమ్మన్నారు, అదే ల్యాబుకి, డైరెక్ట్ ఎల్‌డీఎల్ అని చీటీ మీద ముందే రాసిచ్చారు.