చద్దిపాలు

పెద్దమ్మ వాటిని మోరీలో పారబోయలేదు, ఆ సంగతి ముందే చెప్పాలి. తల్లిపాలు తొక్కుడుపడే చోట పోయకూడదని ఆమెకు తెలుసు. నేను తీసి దాచుకున్న నా పాలసంచులు నాలుగూ ఫ్రీజర్‌లోంచి తీసి, గిన్నెలో పెట్టి కరగనిచ్చి, పెరట్లో కరివేపాకు చెట్టు మొదట్లో శ్రద్ధగా పోసింది. ఖాళీ సంచులు కడిగి తీగ మీద ఆరేసింది కూడా. ఆ తర్వాత నన్ను పిలిచింది.

"వారం నాటి చద్దిపాలు బిడ్డకు పోస్తావా అమ్మాయ్?"

ఒక్కో సంచిలో 120 మిల్లీలీటర్లు. నాలుగూ కలిపితే దాదాపు అర లీటరు. తీగ మీద ఆడుతున్న సంచుల మీద నా చేతిరాత ఇంకా కనిపిస్తోంది: తేదీ, వేళ. నాకు కోపం రావలసింది, ఏడుపు వచ్చింది. పెద్దమ్మ కంగారుపడి, "ఏడుస్తావెందుకు, పిల్ల నీ ఒళ్ళోనే ఉందిగా, ఎత్తుకుని ఇవ్వు" అంది. అంతటితో ఊరుకుంటే బాగుండేది. బల్ల మీద ఉన్న, రొమ్ముపాలు తీసే పంపు వైపు చూసి, "మా వియ్యంకుల ఇంట్లో గేదెలకు పెట్టేది అచ్చం ఇదే" అంది.

ఆ మాట దిగబడింది.

నేను నార్త్ కరోలినాలో ఒక మందుల కంపెనీ ల్యాబ్‌లో పనిచేస్తాను. సెలవు మీద కడప వచ్చాను. వెనక్కి వెళ్ళాలంటే వీసా ముద్ర పడాలి. అందుకు హైదరాబాదులో ఒకరోజు వేలిముద్రలు, మర్నాడు ఇంటర్వ్యూ. ఏడునెలల పిల్లను మే నెల ఎండలో కాన్సులేటు ముందు క్యూలో నిలబెట్టలేను. అక్కడ లోపలికి ఫోనే తీసుకువెళ్ళనివ్వరు, ఇక పంపు సంగతి చెప్పాలా? అందుకే పిల్ల తాగగా మిగిలిన పాలు వారం రోజులుగా కూడబెట్టాను. ప్రయాణానికి ఇంకా నాలుగు రోజులుంది.

ఆ రాత్రంతా పెద్దమ్మకు మనసులోనే జవాబులు చెప్పుకున్నాను. మా పిన్ని కూతురు ప్రొద్దుటూరు దగ్గర ప్రభుత్వ బడిలో టీచరు. దానికి జీతంతో 180 రోజుల ప్రసూతి సెలవు. దాని ఇంట్లో పంపూ లేదు, సంచులూ లేవు, వాటి అవసరమూ రాలేదు. నాకు అమెరికా 1993 నాటి చట్టం ప్రకారం ఇచ్చింది 12 వారాలు. ఉద్యోగం పోదు, జీతం రాదు. పదమూడో వారం సోమవారం పొద్దున తెల్లకోటు తొడుక్కుని ల్యాబ్‌లో నిలబడ్డాను. కుట్లు మానాయే గానీ కూర్చుంటే ఇంకా లాగుతూనే ఉన్నాయి. పంపు మాత్రం ఇన్సూరెన్సు వాళ్ళు నా దగ్గర ఒక్క డాలరు తీసుకోకుండా ఇంటికి పంపారు. సెలవు ఇవ్వని దేశం సామాను ఇస్తుంది, అదీ లెక్క. ఇది పెద్దమ్మకు చెబితే, "మరి ఆ దేశంలో ఎందుకున్నావు?" అంటుంది. దానికి నా దగ్గర పొట్టి జవాబు లేదు.

కానీ అక్కడి న్యాయాన్ని కూడా చెప్పాలి. బిడ్డకు ఏడాది నిండేదాకా, పాలు తీసుకోవలసి వచ్చినప్పుడల్లా విరామం ఇవ్వాలని, దానికి బాత్రూము కాని, ఎవరూ తొంగిచూడని చోటు చూపించాలని చట్టం ఉంది. 2010లో కొందరికే వచ్చిన ఆ హక్కును 2022 డిసెంబరులో నెలజీతాల టీచర్లు, నర్సులు మొదలైనవాళ్ళకూ విస్తరించారు. ఆ విరామానికి జీతం ఇచ్చి తీరాలని మాత్రం లేదు. మా దగ్గర ఆ చోటు కాగితాల పెట్టెలు పేర్చిన ఒక చిన్న గది. ఒక కుర్చీ, ఒక ప్లగ్గు, లోపలినుంచి గడియ. రోజుకు మూడుసార్లు ఆ గడియ వేసుకునేదాన్ని. ల్యాబ్‌లో ప్రతి శాంపిలు మీదా తేదీ, వేళ, సంతకం ఉండాలి. అలవాటు కొద్దీ ఒకరోజు పాలసంచి మీద కూడా సంతకం పెట్టాను.

సామానంటే పెద్దమ్మ అనుకున్నంత సులువు కాదు. రొమ్ముకు ఆనించే గరాటు పెట్టెలో 24 మిల్లీమీటర్లది వస్తుంది. అందరికీ అదే కొలత అన్నట్టు! నాకు రెండు వారాలు నొప్పితో కళ్ళలో నీళ్ళు తిరిగాక స్కేలుతో కొలుచుకుంటే తెలిసింది, కావలసింది 21 అని. ఇంకా చిన్నది, తెల్లటి సిలికాన్ వాల్వు. బాతు ముక్కులా ఉంటుంది, బొటనవేలంత. ఐదో నెలలో నా పాలు ఉన్నట్టుండి సగానికి పడిపోయాయి. అమ్మ ఫోనులో వెల్లుల్లి కారం తినమంది, మెంతులు, మునగాకు అంది, చివరికి ఎవరి దిష్టో అంది. మూడు రోజులు ఏడ్చాను. నాలుగో రోజు, మా ల్యాబ్‌లోనే పనిచేసే ముగ్గురు పిల్లల ఫిలిప్పీన్స్ తల్లి నా వాల్వును రెండు వేళ్ళతో పట్టుకుని ట్యూబ్‌లైటు వైపు ఎత్తి చూసింది. ముక్కు చివర గోరంత చిరుగు. తన సొరుగులోంచి కొత్తది తీసి నా చేతిలో పెట్టి, ఏమీ అనకుండా తన మిషను దగ్గరికి వెళ్ళిపోయింది. తగ్గింది పాలు కాదు, పీల్చే బలం. రోజూ వాడేవాళ్ళు నెలకో రెండు నెలలకో దాన్ని మార్చుకోవాలట. నాకు ఎవరు చెప్పారు? అమ్మకు తెలియని పని ఇది. మన ఆడవాళ్ళ పనుల్లో అమ్మకు తెలియనిది ఒకటుంటుందని నేను అప్పటిదాకా అనుకోలేదు.

మిగతా సామానులో సగం మన ఇంట్లో ఎప్పటినుంచో ఉన్నదే. నలుగురిలో పాలివ్వడానికని అమ్మే ముసుగు ఎంత మంచి గుడ్డయినా కొంగు పాటి చేయదు. క్లిప్పులు ఊడదీసే లోదుస్తులు ముందు హుక్కుల రవికకు వేలువిడిచిన చుట్టాలు. పాలు కారితే పీల్చే మెత్తలు పాత నేతచీర ముక్కలు. ఇక సీసా గొడవే వద్దని అమ్మ అటక మీదినుంచి నా ఉగ్గుగిన్నె దించి చింతపండుతో తోమింది. అప్పుడే పుట్టిన పిల్లల వార్డుల్లో నర్సులు కూడా ఇలాంటి ముక్కుగిన్నెతోనే పాలు పడతారు. పాలసీసాలకు ప్రకటనలు ఇవ్వకూడదని మన దేశంలో 1992 నాటి చట్టమే ఉంది. అయినా పంపు చేసే పని కొంగు చేయలేదు. తల్లి ఒకచోట, బిడ్డ ఒకచోట ఉన్నప్పుడు మన దగ్గర ఏముంది? ఇదే నేను పెద్దమ్మతో అనాలనుకున్నది.

మర్నాటినుంచి మళ్ళీ మొదలుపెట్టాను, మూడు గంటలకొకసారి. తీసిన పాలు బయట నాలుగు గంటలు ఆగుతాయని అమెరికాలో ఇచ్చిన కాగితంలో ఉంది, 25 డిగ్రీల లోపయితే. కడపలో మే నెలలో 25 డిగ్రీలు ఎక్కడున్నాయి? తీసిన వెంటనే ఫ్రిజ్‌లోకి పరుగు. అక్కడైతే నాలుగు రోజులుంటాయి. కరెంటు పోయినప్పుడు, ఇలాంటి రోజు కోసమే తెచ్చుకున్న చేతిపంపు పనికొచ్చింది. గరాటులు, వాల్వులు అమ్మ ఇడ్లీపాత్రలో ఆవిరికి పెట్టింది. ఒక్కో గుంతలో ఒక్కో బాతు ముక్కు.

పెద్దమ్మ క్షమించమని అడగలేదు. మా ఇళ్ళలో పెద్దవాళ్ళు అడగరు. ఫ్రీజర్‌లో ఉన్న మాంసం తీయించి పక్కింటికి పంపింది, నా సంచులకు చోటు చేయడానికి. మధ్యాహ్నం వచ్చి మంచం చివర కూర్చుంది.

"ముందు గబగబా కొట్టుకుంది, ఇప్పుడు నిదానించిందేం?"

మొదటి రెండు నిమిషాలు అది బిడ్డ ఆత్రంగా చీకినట్టు చేస్తుందని, పాలు దిగాక నిదానంగా లాగుతుందని చెప్పాను. మిషనుతో వచ్చిన పుస్తకంలో దీనికి రెండు పేజీలు కేటాయించారు.

"అంటే దూడను వదలడం. చేపుకు వచ్చేదాకా" అంది పెద్దమ్మ.

అవును, అంతే. గేదె మాట తప్పేమీ కాదు.

మూడో రోజు సాయంత్రం పక్కింటి కువైట్ అత్త వచ్చింది. మా వీధి పిల్లలందరం ఆమెను అలాగే పిలిచేవాళ్ళం. చాక్లెట్లు, సబ్బులు, నైలాన్ దుప్పట్లు తెచ్చే అత్త. అక్కడ ఇళ్ళలో పనిచేసి తిరిగివచ్చిన ఆడవాళ్ళు కడప, రాయచోటి, రాజంపేటల్లో ఏ వీధిలోనైనా ఉంటారు. ఆమె గరాటు చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి, "నొప్పి పుడుతుందా?" అని అడిగింది. లేదన్నాను. దాన్ని జాగ్రత్తగా తువ్వాలు మీద బోర్లించింది.

"మా వాడికి ఐదో నెల. వీసా వచ్చేసింది, ఏజెంటుకు డబ్బు కట్టేశాం. ఎండాకాలమే. ప్రయాణం ఇంకా నాలుగు రోజులుందనగా మా అమ్మ మల్లెపూలు రొమ్ములకు కట్టడం మొదలుపెట్టింది, పాలు ఎండిపోవాలని. పొద్దునవి తీసి రాత్రికి కొత్తవి. అయినా విమానంలో రవిక తడిసింది."

పెద్దమ్మ, "ఊరుకోవే" అంది. ఆమె ఊరుకోలేదు, మామూలు గొంతుతోనే చెప్పింది.

"వాళ్ళ ఇంట్లో చంటివాడు ఏడ్చినప్పుడల్లా నాకు చేపుకు వచ్చేవి. వాడికి డబ్బాపాలు కలిపి ఇచ్చి, నావి సింకులో పిండుకునేదాన్ని. ఇరవై రోజులు పట్టింది ఆగడానికి." కొంచెం ఆగి, పెద్దమ్మ వైపు తిరిగింది. "సింకులో ఎవరూ తొక్కరు కదక్కా."

మల్లెపూలు పాలను నిజంగానే ఆపుతాయి. వేలూరు వైద్యులు బాలింతల మీద పరీక్షించి, దానికి వాడే మాత్రలతో పోల్చి, 1988లో ప్రచురించారు. ఉద్యోగం చేసే తల్లికి రోజుకు రెండు గంటల పాల విరామం కువైట్ చట్టంలో కూడా ఉంది, 2010 నాటిది. ఇళ్ళలో పనిచేసేవాళ్ళు ఆ చట్టం కిందికి రారు. ఆమె వెళ్ళింది అంతకు చాలా ముందు. ఇవన్నీ ఆ రాత్రి ఫోనులో వెతికి చదివాను. చదివి ఏం చేయాలో తెలియలేదు. గడియ ఉన్న గదిలో జీతం లేని అరగంటల గురించి నేను ఎన్ని ఫిర్యాదులు చేశానో గుర్తొచ్చింది. ఆ ఫిర్యాదులు ఇప్పటికీ తప్పని అనుకోను, కానీ ఆమె ముందు మాత్రం చెప్పలేను.

నాలుగో రోజు రాత్రికి ఫ్రీజర్‌లో ఐదు సంచులున్నాయి. పల్చగా పరిచి గడ్డకట్టించాను, త్వరగా కరగడానికి. ఎలా కరిగించాలో, ఒకసారి కరిగినవి మళ్ళీ గడ్డకట్టించకూడదని అమ్మకు మూడుసార్లు చెప్పాను. నాలుగోసారి పెద్దమ్మ చెప్పింది, నాకు. ఆటో వచ్చింది. అమ్మ లోపలికి వెళ్ళి, అరటాకులో చుట్టిన మూరెడు మల్లెపూలు తెచ్చింది. "తలలో పెట్టుకుని వెళ్ళు, శుభం."

గుమ్మం దగ్గర నిలబడిన కువైట్ అత్త ఆ పొట్లం అమ్మ చేతిలోంచి తీసుకుని తన కొంగులో వేసుకుంది.

"ఆగండి వదినా, మా ఇంట్లో కనకాంబరాలున్నాయి" అంటూ మెట్లు దిగి వెళ్ళింది. ఆటో అతను హారను కొడుతూనే ఉన్నాడు.