ర్యాంకు లేని లెక్కలు

ఫిబ్రవరి 16, 2025, ఆదివారం
కొత్తవాడ, వరంగల్

ఇంజినీరింగ్ ప్రవేశపరీక్ష జేఈఈ మెయిన్ జనవరి విడత ఫలితాలు వచ్చి నేటికి ఐదు రోజులు. ఈ ఐదు రోజుల్లో ఇంటికి వచ్చినవారూ ఫోన్ చేసినవారూ అడిగినది ఒక్కటే: "ర్యాంకు ఎంత బిడ్డా?" ర్యాంకు ఏప్రిల్ విడత పరీక్ష కూడా పూర్తయి, రెండింటిలో మెరుగైనదాన్ని లెక్కలోకి తీసుకున్న తరువాతే ఇస్తారనీ, ఇప్పుడు చేతిలో ఉన్నది పర్సంటైల్, అంటే రాసినవారిలో ఎంత శాతం మంది నా వెనక ఉన్నారో చెప్పే సంఖ్య మాత్రమేననీ ఎంత ఓపికగా చెప్పినా, మేనత్త దాన్ని మార్కుల శాతమనే అనుకొని "తొంభై ఐదా, మంచిగనే వచ్చినయి కదా" అని సంతోషించింది. ఆమె సంతోషాన్ని చెడగొట్టడం ఇష్టంలేక ఊరుకున్నాను.

నా పర్సంటైల్ 95.8127046. దశాంశ బిందువు తరువాత ఏడు అంకెలు ఎందుకో మొదట అర్థం కాలేదు. జనవరిలో రాసినవారు 12,58,136 మంది అని చదివిన తరువాత అర్థమైంది. అంతమందిని వరుసలో నిలబెట్టాలంటే రెండు అంకెలు చాలవు. నా పైన ఉన్న 4.1873 శాతాన్ని ఆ సంఖ్యతో గుణిస్తే దాదాపు 52,700 వస్తుంది. అయితే నిరుడు రెండు విడతలూ కలిపి రాసినవారు 14 లక్షల పైచిలుకు. ఈసారీ అంతే ఉంటే, ఇదే పర్సంటైల్‌తో నేను 59 వేల దగ్గర నిలుస్తాను. ఏప్రిల్‌లో నేను కదలకుండా కూర్చున్నా నా స్థానం ఆరువేల మెట్లు దిగిపోతుందన్నమాట. ఫోన్‌లో ర్యాంకు చెప్పే సైట్లు మూడు చూశాను, మూడూ మూడు సంఖ్యలు చెప్పాయి. ఒకటి 41 వేలని చెప్పగానే దాన్నే నమ్మాలనిపించిన మాట మాత్రం ఇక్కడ రాసి పెట్టుకుంటున్నాను.

ఉదయం వారాంతపు పరీక్షకు కాజీపేట వైపు వెళ్లే బస్సు ఎక్కాను. ఆ దారిలోనే కేంద్రం నడిపే ఇంజినీరింగ్ కాలేజీ ఎన్‌ఐటీ ద్వారం. మా నానమ్మ ఇప్పటికీ దాన్ని పాతపేరుతో ఆర్‌ఈసీ అనే అంటుంది. 1959 అక్టోబరులో నెహ్రూ వచ్చి శంకుస్థాపన చేసిన రోజున తాతయ్య తన తండ్రి భుజాలమీద కూర్చొని చూశాడట. అప్పుడు తాతయ్యకు పదేళ్లు, భుజాలమీద కూర్చునే వయసు కాదు. కథ పెరిగిందని నా అనుమానం. అరవై ఐదేళ్లుగా మా ఇంట్లో ఆ ద్వారం ముందునుంచి వెళ్లినవారే గాని లోపలికి చదువుకోవడానికి వెళ్లినవారు లేరు. కండక్టర్ ఆ స్టాపు పేరు పిలిచినప్పుడు దిగేవారిని ఈ రోజు మొదటిసారి శ్రద్ధగా చూశాను. ఇద్దరు దిగారు. ఒకరి చేతిలో మురుకుల పొట్లం, మరొకరికి చెప్పు తెగి ఉంది.

దేశంలో ఉన్న 31 ఎన్‌ఐటీలలో కలిపి సీట్లు సుమారు 24 వేలు. 59 వేల ర్యాంకుకు అందులో చోటు లేదని ఒక్క మాటలో తేల్చవచ్చు. కాని ఈ సీట్లు ఒకే కుండలో ఉండవు. ప్రతి ఎన్‌ఐటీలో సగం సీట్లు ఆ రాష్ట్రంవారికే. అందులో మళ్లీ 27 శాతం ఓబీసీలకు. అందులో మళ్లీ అమ్మాయిలకు విడిగా కొన్ని. ఈ మూడూ నాకు వర్తిస్తాయి కనుక వరంగల్‌లో ఆ చిన్న గిన్నెలోకి చూస్తే నా ముందున్న వరుస 59 వేలమంది వరుస కాదు, చాలా పొట్టిది. ఎంత పొట్టిదో తెలియాలంటే కేటగిరీ ర్యాంకు కావాలి, అదీ ఏప్రిల్ తరువాతే వస్తుంది. అయినా కంప్యూటర్ సైన్సు రాదని నాకు తెలుసు, ఆ విషయంలో నన్ను నేను మభ్యపెట్టుకోవడం లేదు. సివిల్, మెటలర్జీ, కెమికల్ అనే పేర్లను మాత్రం ఇప్పుడు కొత్త మర్యాదతో చదువుతున్నాను.

ఐఐటీ సంగతి వేరు. దానికి మెయిన్ తరువాత పెట్టే రెండో పరీక్ష అడ్వాన్స్‌డ్ రాయడానికి నాకు అర్హత వస్తుంది. మొదటి రెండున్నర లక్షల మందిని పిలుస్తారు, జనరల్ కటాఫే నిరుడు 93.2 దగ్గర ఆగింది. కాని అర్హత అవకాశం కాదు. నిరుడు 1,80,200 మంది రాస్తే 48,248 మంది గట్టెక్కారు, సీట్లు 17,740. గట్టెక్కినవారిలో అమ్మాయిలు 7,964. జనవరిలో నూరు పర్సంటైల్ సాధించిన 14 మందిలో ఒక్కతే అమ్మాయి, ఆమె ఆంధ్రప్రదేశ్ అమ్మాయి. ఈ వార్త రాగానే మా కాలేజీలో అమ్మాయిలందరినీ నిలబెట్టి చప్పట్లు కొట్టించి, ఆ వెంటనే మార్కులు తగ్గిన పదకొండు మందిని కింది సెక్షన్‌కు మార్చారు. నా పక్కన కూర్చునే అమ్మాయి అందులో ఉంది. ఆమె సంచి సర్దుకుంటుంటే నేను స్కేలు వెతుకుతున్నట్టు నటించాను.

మధ్యాహ్నం తిరిగి వచ్చేసరికి నాన్న దుకాణం నుంచి భోజనానికి వచ్చి ఉన్నాడు. నిన్న మీసేవకు వెళ్లి వచ్చానని చెప్పాడు. మా దగ్గర ఉన్నది బీసీ-బి అని రాసిన రాష్ట్ర ధ్రువపత్రం. కౌన్సెలింగ్‌కు కేంద్రం నమూనాలో ఓబీసీ పత్రం కావాలి, అదీ ఏప్రిల్ 1 తరువాత తీసుకున్నదై ఉండాలి. ఇప్పుడే తీసుకుంటే చెల్లదని కౌంటర్‌లోని అబ్బాయి చెప్పి పంపించాడట. నాన్న ఆ తేదీని క్యాలెండర్‌లో ఎర్రసిరాతో చుట్టాడు. నా పర్సంటైల్ గురించి ఆయన ఇంతవరకూ ఏమీ అనలేదు, ఈ రోజు పెరుగన్నం కలుపుతూ అడిగాడు:

"వస్తదా బిడ్డా?"

"ఐఐటీ కష్టం నాన్న. ఎన్‌ఐటీ, ఏప్రిల్‌ల మంచిగ రాస్తే."

"మంచిగ అంటే ఎంత?"

దానికి నా దగ్గర సంఖ్య లేకపోయింది. అందరి సంఖ్యలూ పోగుచేసుకున్నాను గాని ఆ ఒక్కటి వేసి చూసుకోలేదు. భోజనం అయ్యాక జనవరి జవాబుల పత్రం తీసి కూర్చున్నాను. 300కి 137. రసాయనం 62, భౌతికం 41, గణితం 34. గణితంలో సరైనవి పదకొండు, తప్పులు పది. అంటే 44 తెచ్చుకొని పది పోగొట్టుకున్నాను. మూడింటిలో కలిపి ఇరవై మూడు తప్పులు, ఇరవై మూడు మార్కుల కోత. వాటిని వదిలేసి ఉంటే 160. ఇక్కడ నిజాయితీగా ఒకటి ఒప్పుకోవాలి: సరైనవాటిలోనూ రెండు మూడు గుడ్డిగా పెట్టినవే, వాటిని వదిలేస్తే ఆ 160 కూడా ఉండదు.

పది తప్పులనూ మళ్లీ చేసి చూశాను. నాలుగు నాకు ఇప్పటికీ రావు. మూడు నిశ్చిత సమాకలనంలో హద్దులు మార్చడం మరిచిపోయినవి. రెండింటిలో గుణకారం తప్పింది. ఒకదానికి జవాబు 6 అని చిత్తుకాగితంపై సరిగ్గానే వేసి, తెరమీద 9 కొట్టి వచ్చాను. చిత్తుకాగితం వాళ్లే తీసుకున్నారు, కాని ఆ ఆరు నా కళ్లముందు ఇంకా ఉంది.

రాని నాలుగు పోగా మిగిలిన ఆరు తప్పులనూ సరిచేసుకుంటే, ఒక్కోదానికి నాలుగు వచ్చి, ఒకటి కోత తప్పి, ముప్ఫై మార్కులు. రాత్రి నాన్న వచ్చాక "నూట అరవై ఏడు" అని చెప్పాను. ఆయన ఎందుకని అడగలేదు, క్యాలెండర్‌లో ఏప్రిల్ 1 పక్కనే పెన్సిల్‌తో రాసి పెట్టాడు.

రెండో విడత దరఖాస్తుకు ఈ నెల 25 వరకు గడువుంది, రేపు కట్టేస్తాం. మార్చి 6 నుంచి ఇంటర్ పరీక్షలు. బుధవారం ఫిజిక్స్ ప్రాక్టికల్, రికార్డులో రెండు గ్రాఫులు ఇంకా గీయలేదు. నాలుగున్నరకు లేపమని అమ్మకు చెప్పాను.